క్లయింట్ తండ్రి కేస్ నోట్స్ అడుగుతున్నారు, ఇవ్వవచ్చా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):
సీనియర్లకు నమస్కారం. సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో ఎం.ఫిల్. చేసి రెండేళ్లుగా ఒక ప్రైవేటు క్లినిక్‌లో పనిచేస్తున్నాను. డిప్రెషన్‌కు చికిత్స పొందుతున్న 24 ఏళ్ల అమ్మాయి నా దగ్గరకు కౌన్సెలింగ్‌కు వస్తోంది. ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. ఆమె మనసులో ఏముందో తెలియాలంటూ తండ్రి నా నోట్స్ నకలు అడిగారు. ఫీజు కట్టేది తానే కదా అన్నది ఆయన వాదన. మేనేజరు కూడా ఇచ్చేయమంటున్నారు. మొదటి రోజున గోప్యత గురించి ఇద్దరికీ స్పష్టంగా చెప్పకపోవడం నా పొరపాటే. ఇప్పుడేం చేయాలి?

జవాబు (మల్కాజిగిరి నుంచి):
ఇవ్వకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం చికిత్సలో తెలిసిన సమాచారాన్ని గోప్యంగా ఉంచడం మన బాధ్యత. ప్రాణాపాయం, ఇతరులకు హాని, కోర్టు ఆదేశం వంటి మినహాయింపులు ఉన్నాయి గానీ, ఫీజు కట్టడం వాటిలో లేదు. అయితే ఒక మెలిక ఉంది. క్లయింట్ ఎవరినీ నామినేటెడ్ ప్రతినిధిగా (చికిత్స విషయాల్లో తన తరఫున అండగా నిలిచే వ్యక్తిగా) నియమించుకోకపోతే 14వ సెక్షన్ వరుసలో బంధువుకు ఆ స్థానం దక్కవచ్చు కనుక, తండ్రి రేపు ఆ మాటే పట్టుకుని రావచ్చు. అప్పుడైనా ప్రతినిధిగా తన విధులకు అవసరమైనంత సమాచారమే ఆయనకు చెందుతుంది. సంబంధం ఖాయం చేసుకోవడం ఆ విధుల్లోకి రాదు. మేజరైన ఆ అమ్మాయి తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి తనకు నమ్మకమున్న మరొకరిని నియమించుకోవచ్చు, వారు లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. ఈ వెసులుబాటు ఉందని ఆమెకు చెప్పండి, ఎవరిని పెట్టుకోవాలో మాత్రం మీరు చెప్పకండి.

జవాబు (తార్నాక నుంచి):
పై మాటతో ఏకీభవిస్తూ ఒక హెచ్చరిక చేస్తున్నాను. కంగారులో పాత నోట్స్ జోలికి వెళ్లకండి. గోప్యత గురించి చెప్పినట్టు మొదటి రోజు తేదీ కింద ఒక వాక్యం ఇరికిస్తే, ఫిర్యాదు వచ్చిన నాడు మీరు చేసిన చిన్న లోపం కాస్తా రికార్డు దిద్దిన నేరంగా కనబడుతుంది. తండ్రి ఏమి అడిగారో, మీరేమన్నారో, మేనేజరు ఏమన్నారో నేటి తేదీతో రాయండి. 25వ సెక్షన్ కింద తన వైద్య రికార్డులు చూసే హక్కు క్లయింట్‌కు ఉంది, కనుక ఆమె చదివితే నొచ్చుకునే ఊహాగానాలు అసలు రాయకపోవడమే నయం. (నేను ఇది ఆలస్యంగా నేర్చుకున్నాను.)

జవాబు (మెహదీపట్నం నుంచి):
క్లయింట్ మైనరై, లైంగిక దాడి సంగతి బయటపడితే మాత్రం లెక్క వేరు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. గోప్యత పేరుతో ఆగితే శిక్ష మనకే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నోట్స్ ఇవ్వలేనని మేనేజరుకు ఈరోజు లిఖితపూర్వకంగా తెలిపాను. తండ్రి అడిగిన సంగతిని వచ్చే సెషన్‌లో ముందుగా ఆ అమ్మాయికే చెప్తాను. ఆయనతో తాను స్వయంగా మాట్లాడతానంటే ఇద్దరినీ కూర్చోబెడతాను.