టీజే 4.10 గేర్లు చెరోకీ డానా 30 హౌసింగ్‌లో పడతాయా?

టీజే_డాలస్:
అన్నలూ, నాది 1998 జీప్ రాంగ్లర్ టీజే, 4.0 ఇంజిన్, మాన్యువల్, ముందూ వెనకా యాక్సిల్ గేర్ రేషియో 3.07. 33 అంగుళాల టైర్లు వేశాక ఐదో గేర్ వాడటమే మానేశాను, హైవే మీద చిన్న ఎత్తొచ్చినా నాలుగులోకి దిగాల్సిందే. జంక్‌యార్డ్‌లో 1997 జీప్ చెరోకీది హై పినియన్ డానా 30 (యాక్సిల్ మోడల్ పేరు) ముందు యాక్సిల్ చవగ్గా దొరికింది, అందులో 3.55 రేషియో ఉంది. ఫ్రెండ్ ఒకడు నాలుగు సిలిండర్ల టీజే విడదీస్తున్నాడు, దాని ముందు డానా 30లో ఫ్యాక్టరీ 4.10 సెట్, రింగ్ గేర్ బిగించే క్యారియర్‌తో సహా ఇస్తానంటున్నాడు. రెండూ డానా 30యే కదా, వేసేయొచ్చా? ఏప్రిల్‌లో మోయాబ్ (యూటాలో రాళ్ళ దారులుండే చోటు) ప్లాన్ ఉంది, అదీ టెన్షన్.

రాళ్ళబాట:
ఆ రింగ్ (యాక్సిల్ లోపలి పెద్ద గేర్), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేర్) పడవు తమ్ముడూ. టీజేలో పినియన్ రింగ్ మధ్యరేఖకి కింద కూర్చుంటుంది, నీ చెరోకీలో పైన. అందుకే చెరోకీ పళ్ళు రివర్స్ కట్. రెండు రింగులూ పక్కపక్కన పెట్టి చూడు, పళ్ళ వంపు ఒకదానికి కుడికి, ఇంకోదానికి ఎడమకి ఉంటుంది. ఎన్ని షిమ్‌లు (సర్దుబాటుకి పెట్టే పల్చటి రేకులు) వేసినా తీరే తేడా కాదిది. అలాగని హౌసింగ్ మాత్రం వదులుకోకు, బండి ముందుకి లాగేటప్పుడు హై పినియన్‌లో పళ్ళ బలమైన వైపు మీద లోడ్ పడుతుంది, టీజేలో అదే లోడ్ బలం తక్కువున్న కోస్ట్ వైపు మీద పడుతుంది. డ్రైవ్‌షాఫ్ట్ కూడా రాళ్ళకి కాస్త ఎత్తులో ఉంటుంది.

ఆ క్యారియర్ కూడా తీసేసుకో. డానా 30లో 3.54 దాకా ఒక క్యారియర్, 3.73 నుంచి పైకి ఇంకోటి. రేషియో పెరిగేకొద్దీ పినియన్ చిన్నదవుతుంది, దాన్ని అందుకోవడానికి రింగ్ దగ్గరికి జరగాలి, కాబట్టి రింగ్ బిగించే అంచు చోటు మారుతుంది. నీ 3.55 అంటే 39 పళ్ళకి 11, లెక్కేస్తే 3.545, కింది రకమే. కొత్త రివర్స్ కట్ 4.10 కొంటే దానికి నీ ఫ్రెండ్ క్యారియరే కావాలి, హై పినియన్ హౌసింగ్‌లో అది చక్కగా కూర్చుంటుంది.

గ్రీజుచేతులు:
మరి వెనక? ముందు 4.10, వెనక 3.07 పెట్టుకుని ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె) రెండు షాఫ్టుల్నీ ఒకే వేగంతో తిప్పుతుంది, ఏదో ఒకటి విరిగే దాకా గింజుకుంటాయి. ఆ నాలుగు సిలిండర్ల బండి వెనక డానా 35ని యాక్సిల్ మొత్తంగా అడగండి, అందులోనూ 4.10 ఉంటుంది, గేర్లు ముట్టుకోకుండా బిగించేసుకోవచ్చు. ఏబీఎస్ ఉందో లేదో చూసుకోండి. లాకర్ (రెండు చక్రాల్నీ కలిపి తిప్పేది) వేసి రాళ్ళెక్కే ఉద్దేశం ఉంటే మాత్రం డానా 35 మీద ఒక్క డాలర్ కూడా పెట్టొద్దని నా మాట, ఇంకా గట్టిదైన డానా 44 వెతకండి. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో స్పీడోమీటర్ గేర్ కూడా మార్చాలి.

టీజే_డాలస్:
థాంక్స్ అన్నా, క్యారియర్, వెనక యాక్సిల్ రెండూ అడుగుతా. పాత షిమ్‌లే వేసి నేనే బిగించుకోవచ్చా?

రాళ్ళబాట:
పాత షిమ్‌లు మొదలుపెట్టడానికే, అక్కడితో అయిపోదు. ముందు పినియన్ లోతు, ఆ తర్వాత బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య వదులు) 0.005 నుంచి 0.008 అంగుళాల మధ్య రావాలి. అప్పుడు పళ్ళకి మార్కింగ్ పేస్ట్ పూసి తిప్పు, మచ్చ పంటి మధ్యలో పడాలి, మొదట్లోకో కొనకో పోతే మళ్ళీ విప్పి లోతు మార్చాల్సిందే. ఆ వదులు కొలిచే డయల్ ఇండికేటర్, ప్రీలోడ్ (బేరింగ్ బిగువు) చూసే ఇంచ్-పౌండ్ రెంచ్ లేకపోతే యాక్సిల్ బండికి ఎక్కించక ముందే షాపుకి పట్టుకెళ్ళు, విడిగా ఇస్తే కూలీ తగ్గుతుంది.