శ్రేణిలో రెండు బల్బులు: కరెంటు ఎక్కడా తగ్గడం లేదు, మరి వెలుగు ఎందుకు తగ్గింది?

పదో_తరగతి_విద్యార్థిని:
అందరికీ నమస్కారం. 1.5 వోల్టుల ఘటాలు రెండు, ఒకే రకం టార్చి బల్బులు రెండు, ఒక అమ్మీటరు తీసుకుని వలయం కట్టాను. ఒక్క బల్బు పెడితే 0.30 ఆంపియర్లు వచ్చింది. రెండింటినీ శ్రేణిలో కలిపితే రెండూ ఎర్రగా, మసకగా వెలిగాయి. మొదటి బల్బు కొంత కరెంటు వాడేసుకుంటుంది, రెండో దానికి తక్కువ అందుతుంది అనుకున్నాను. కానీ మొదటి బల్బుకు ముందు, రెండింటి మధ్య, చివర, ఎక్కడ అమ్మీటరు పెట్టినా 0.20 చూపిస్తోంది. బల్బు కరెంటును వాడుకోకపోతే మరి దేన్ని వాడుకుంటోంది? ఇంకో అనుమానం కూడా ఉంది. నిరోధం రెట్టింపయింది కదా, ఓమ్ నియమం ప్రకారం 0.15 రావాలి. 0.20 ఎందుకు వచ్చింది?

సూత్రాల_పట్టిక:
శ్రేణి సంధానంలో విద్యుత్ ప్రవాహం అంతటా సమానం, పొటెన్షియల్ భేదం వాటాలు పడుతుంది. సమాంతర సంధానంలో దీనికి తలకిందులు. పరీక్షకు ఇది చాలు. ఆ 0.20 మీ మీటరు లోపమై ఉంటుంది.

పాత_ప్రయోగశాల:
మీటరును నిందించకండి, అది నిజమే చెబుతోంది. ప్రయోగశాలలో పిల్లల చేత వలయాలు కట్టించడమే నా ఉద్యోగంగా ఉండేది. లెక్కకు కుదరని కొలతను కొట్టేసి, కుదిరే అంకె రాసుకునే అలవాటు అంటే నాకు పడదు. నువ్వు 0.20 ని అలాగే ఉంచావు, సంతోషం.

మొదటి ప్రశ్న చూడమ్మా. సైకిల్ గొలుసును తలుచుకో. పెడల్ దగ్గరా, వెనక చక్రం దగ్గరా గొలుసు ఒకే వేగంతో కదులుతుంది. చక్రం ఒక్క లంకెను కూడా తినేయదు, అయినా తొక్కిన శక్తి చక్రానికి చేరుతుంది. వలయంలో ఎలక్ట్రాన్లు అంతే. 1 చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం ఉన్న రాగి తీగలో 1 ఆంపియర్ ప్రవహిస్తున్నప్పుడు కూడా వాటి సగటు వేగం సెకనుకు 0.1 మిల్లీమీటరు కన్నా తక్కువే. స్విచ్ వేయగానే బల్బు వెలగడానికి కారణం, వలయంలో ఉన్న ఎలక్ట్రాన్లన్నీ దాదాపు ఒకేసారి కదలడం మొదలుపెట్టడమే.

బల్బు తీసుకునేది శక్తిని. 1 వోల్టు అంటే 1 కులూంబ్ ఆవేశానికి 1 జౌల్. నీ ఘటాలు ప్రతి కులూంబ్‌కూ 3 జౌళ్లు ఇస్తున్నాయి. ఒక్క బల్బే ఉంటే ఆ మూడూ దానికే. రెండుంటే చెరి 1.5. పైగా సెకనుకు వచ్చే ఆవేశం కూడా తగ్గింది. మొదట బల్బుకు 3 × 0.30, అంటే 0.9 వాట్లు అందాయి. ఇప్పుడు ఒక్కో దానికి 1.5 × 0.20, అంటే 0.3 వాట్లే. సామర్థ్యం మూడో వంతుకు పడిపోతే వెలుగు అంతకన్నా చాలా ఎక్కువగా పడిపోతుంది, ఎందుకంటే ఫిలమెంట్ వేడి తగ్గి ఎరుపుకు దిగుతుంది. నువ్వు ఆ ఎరుపును గమనించి రాశావు కూడా.

రెండో జవాబు ఆ ఎరుపులోనే ఉంది. ఫిలమెంట్ టంగ్‌స్టన్ అనే లోహంతో చేస్తారు, అది వేడెక్కే కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. నీ కొలతలనే భాగించి చూడు. ఒంటరిగా ఉన్నప్పుడు 3 ÷ 0.30 = 10 ఓమ్‌లు. శ్రేణిలో 1.5 ÷ 0.20 = 7.5 ఓమ్‌లు. కాబట్టి మొత్తం నిరోధం 20 కాలేదు, 15 దగ్గరే ఆగింది. ఓమ్ నియమం ఉష్ణోగ్రత మారని వాహకానికి. 0.15 లాంటి సగం విలువే చూడాలంటే బల్బులు తీసేసి 100 ఓమ్‌ల నిరోధకాలు (గోధుమ, నలుపు, గోధుమ పట్టీలు ఉంటాయి) పెట్టు. ఒకటికి 30 మిల్లీఆంపియర్లు, శ్రేణిలో రెండింటికి 15. అమ్మీటరును మాత్రం నేరుగా ఘటం రెండు కొనలకూ తగిలించకు. దాని నిరోధం చాలా తక్కువ, కాలిపోతుంది.

పదో_తరగతి_విద్యార్థిని:
ధన్యవాదాలండి. నిరోధకాలతో మీరు చెప్పినట్టే వచ్చింది. ఒక బల్బు తీసి, వేరే రకం టార్చి బల్బును శ్రేణిలో పెట్టాను. పాతది బాగా వెలిగింది, కొత్తది అసలు వెలగలేదు. మాడిపోయిందా?

పాత_ప్రయోగశాల:
మాడిపోతే వలయం తెగి రెండూ ఆరిపోయేవి. కొత్త దాని నిరోధం చాలా తక్కువై ఉండాలి. ప్రవాహం రెండింటికీ ఒకటే కాబట్టి నిరోధం ఎక్కువ ఉన్నదే ఎక్కువ వోల్టేజీ పట్టుకుపోతుంది. వోల్ట్‌మీటరును ఒక్కో బల్బుకు సమాంతరంగా పెట్టి చదువు.

పదో_తరగతి_విద్యార్థిని:
పాత బల్బుకు 2.5, కొత్త దానికి 0.4. కానీ కలిపితే 2.9 అవుతోంది. మిగతా 0.1 ఎక్కడ?

పాత_ప్రయోగశాల:
ఎక్కువ భాగం ఘటాల లోపలే ఖర్చవుతోంది. వాటికీ కొంత అంతర్నిరోధం ఉంటుంది. తీగలూ, అమ్మీటరూ ఇంకాస్త తింటాయి. వోల్ట్‌మీటరును ఘటాల కొనలకే పెట్టి స్విచ్ తీసి ఒకసారి, వేసి ఒకసారి చదువు. ఆ తేడాను ప్రవాహంతో భాగిస్తే అంతర్నిరోధం వస్తుంది. బల్బులు సమాంతరంగా పెట్టి కూడా కొలువు, అక్కడ తేడా ఇంకా ఎక్కువగా కనబడుతుంది.