విల్లుకు బాణాలు: ఏ పుల్ల మంచిది, వంకర ఎట్ల తీయాలె?

దేవరకొండ_విలుకాడు:
అన్నలూ, వెదురు బద్దతోని విల్లు తయారైంది, 28 అంగుళాలు గుంజితె 35 పౌండ్లు చూపిస్తుంది, లగేజీ తూచే త్రాసు పెట్టి కొలిచిన. ఇగ బాణాలు కావాలె. ఆన్‌లైన్ల కార్బన్‌వి దొరుకుతయి గని నాకవి వద్దు, మన దగ్గర పెరిగే పుల్లతోనే చేయాలె. మా వాగు పొంటి వాయిలి మస్తుగ ఉంది, అది పనికొస్తదా, వెదురే నయమా? ఎప్పుడు కోయాలె? ఇంకోటి, దోస్తు ఇచ్చిన బాణాలు చూస్తే అన్నీ ఒక్కతీరే ఉన్నయి గని ఒకటి సూటిగ పోతది, ఇంకోటి ప్రతిసారి ఎడమకే పోతది, ఎందుకు? నాది కుడిచేతి వాటం.

నల్లమల_అంచు:
వాయిలి మంచిగ పనికొస్తది తమ్మీ. పెద్ద చెట్టు కొమ్మలు మాత్రం తీసుకోకు. నరికిన మొద్దు నుంచి లేసిన చిగుర్లు చూడు, అవి ఎండ కోసం పోటీపడి పక్క కొమ్మలు లేకుండ సక్కగ పైకి పోతయి. లేతగున్నప్పుడు నాలుగు పలకలుగ ఉంటది, చాకుతోని గీకి గుండ్రం చేసుకోవాలె. కోసుడు చలికాలంల, పెరుగుడు ఆగినంక. చిటికెన వేలు మందం, కావాల్సిన దానికంటె ఓ జానెడు పొడుగు ఎక్కువ, సగానికి సగం పాడైతయి అనుకొని ఎక్కువనే కోయి. తొక్క తీయకుండ కొసలకు మైనం రాసి, గట్టిగ కట్ట కట్టి నీడల పెట్టు, ఎండల పెడితె పగుల్తయి. ఓ మూడు నెలలు దాన్ని మర్చిపో.

వంకర తీసుడే అసలు పని. మంట మీద కాదు, నిప్పుల మీద. వంకరున్న కాడ తిప్పుకుంట చెయ్యి పట్టలేనంత వేడి చేసి, వంకరకు ఎదురు దిక్కు కొంచెం ఎక్కువే వంచి, చల్లారేదాక అట్లనే పట్టుకోవాలె, తొందరపడి వదిలేస్తే మళ్ల పాత వంకరకే పోతది. నడుమ నడుమ ఒక కన్ను మూసి పొడుగునా చూసుకో. రెండు మూడు రోజులకు కొంచెం తిరిగి వంగుతది, మళ్ల కాచాలె, అది మామూలే.

పాలమూరు_గురి:
ఎడమకు పోయే బాణానికి బిర్రు, అంటె వంగకుండ గట్టిగుండుడు, ఎక్కువైంది. విడువంగనే బాణం విల్లు కట్టెను చుట్టుకొని వంగి పోవాలె, వంగకపోతే కుడిచేతోళ్లకు ఎడమకు పోతది, మరీ మెత్తగుంటె కుడికి పోతది. కంటికి ఒక్కతీరున్నా బిర్రు వేరే ఉంటది కాబట్టి కొలవాల్సిందే. 26 అంగుళాల ఎడంతోని రెండు మొలల మీద పుల్ల పెట్టి నడుమ సుమారు 900 గ్రాముల బరువు వేలాడదీయి, ఎంత దిగిందో చూడు. 35 పౌండ్లకు లెక్క ప్రకారం 19 మిల్లీమీటర్లు దిగాలె, కట్టె వెడల్పున్న మన విల్లుకు 24 దాక దిగినా మంచిదే. బిర్రుంటె గీకు లేదంటె మొన బరువు పెంచు. పుల్లను తిప్పి కూడ కొలువు, బిర్రైన దిక్కు గుర్తుపెట్టుకొని అది విల్లు కట్టెకు ఆనేటట్టు నారి కూసునే గాడి కోయి. అన్నిటికీ ఒకటే లెక్క రావాలె, నా మట్టుకు నాకు ఇదే అన్నిటికంటె ముఖ్యం, సొగసు తర్వాత.

మేదరి_వాడ:
నేనైతే వెదురే అంటా. ముదురు బొంగు చీల్చి, పై పొర ఉన్న బద్ద గుండ్రంగ గీకితె సన్న పుల్లకంటె సక్కగ, బలంగ ఉంటది. సన్న వెదురు అట్లనే వాడితె మాత్రం నారి కూసునే గాడి గణుపుకు కొంచెం పైన కోయి, చీలిక గణుపు కాడ ఆగుతది. గాడి కింద దారం బిగుతుగ చుట్టు. ఈకలు మూడు, ఒకే రెక్కవి, బాతువో టర్కీ కోడివో. నెమలి జోలికి పోకు. అమ్రాబాద్ టైగర్ రిజర్వుల ఏదీ కోయకు, 2017ల అడవి చట్టం మారినంక అడవి బయట పెంచిన వెదురుకు ఆ చట్టం అడ్డం లేదు, పొలం గట్టుది చాలు.

దేవరకొండ_విలుకాడు:
మస్తు చెప్పిండ్రు అన్నా. మరి లావు కొస మొన దిక్కా, ఈకల దిక్కా?

నల్లమల_అంచు:
మొన దిక్కు పెట్టు. ముందు బరువుంటె సూటిగ పోతది, వెనక సన్నగుంటె కట్టెను తొందరగ దాటుతది. కొట్టేటప్పుడు వెనక మట్టి గోడో గడ్డివామో ఉండేటట్టు చూసుకో.