మందు కొట్టిన పది రోజులకే మళ్లీ పిడుదులు, మీరేం చేస్తున్నారు?

పూతలపట్టు_పాడి
అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడు జెర్సీ సంకర ఆవులు, ఒక పెయ్య ఉన్నాయి. మొన్న జూలైలో ఒక ఆవు ఉన్నట్టుండి మేత మానేసింది, నెమరు లేదు, ఒళ్లు కాలిపోతోంది. దగ్గర్లోని మందుల షాపులో అడిగితే జ్వరం సూది ఇచ్చారు. వేసినప్పుడు తగ్గడం, సాయంత్రానికి మళ్లీ 105 రావడం. రెండు రోజులు అట్లా పోయాయి. మూడో రోజు భుజం ముందు నిమ్మకాయంత బిళ్ల కట్టింది. అప్పుడు పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేశాను. వచ్చిన డాక్టరు గారు బిళ్ల తడిమి చూసి, చెవి దగ్గర రక్తపు చుక్క తీసి గాజు పలక మీద పూసి పరీక్షకు పంపించారు. పిడుదుల వల్ల వచ్చే థైలేరియా జబ్బు అని తేలింది. ఆవు బతికింది, కానీ పూటకు ఐదు లీటర్లు ఇచ్చేది ఒకటిన్నరకు పడిపోయింది.

నా బాధ ఇప్పుడు పిడుదులతోనే. డెల్టామెత్రిన్ లీటరు నీళ్లకు 2 మి.లీ. కలిపి కొట్టాను. పది రోజులకే గంగడోలు, పొదుగు, తోక మొదట్లో మళ్లీ పట్టేశాయి. సైపర్‌మెత్రిన్‌కు మార్చినా అంతే. పెయ్యకు కూడా జ్వరం వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది, రాత్రి లేచి దాని చెవులు పట్టుకుని చూస్తున్నాను.

పాకాల_రైతు
అన్నా, మాకు రెండేళ్ల కిందట వేరే రకంగా వచ్చింది. బిళ్లలు లేవు. జ్వరం, ఆ మర్నాడు మూత్రం కాఫీ డికాషన్ రంగులో పోసింది. వేడి చేసిందేమో అనుకుని మజ్జిగ తాపుతూ కూర్చున్నాం. కళ్ల పొరలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాక డాక్టరును పిలిచాం. అప్పటికే ఆలస్యమైంది, ఆవు దక్కలేదు. ఈనిన నెల రోజుల ఆవు అది. మూత్రం రంగు మారితే ఒక్క పూట కూడా ఆగొద్దని ఇక్కడ చదివే వాళ్లందరికీ చెబుతున్నాను.

తిరుపతి_వెటర్నరీ_విద్యార్థి
పాకాల అన్న చెప్పిన లక్షణాలు బెబీసియా అనే జబ్బులో కనిపిస్తాయి. ఇదీ, థైలేరియా రెండూ పిడుదుల వల్లే వస్తాయి, కానీ మందులు వేరు. థైలేరియాకు బుపార్వాక్వోన్, బెబీసియాకు డైమినజీన్ లాంటివి వాడతారు. మూడోది అనాప్లాస్మా, దానికి ఆక్సిటెట్రాసైక్లిన్. జ్వరం సూది వీటిలో దేన్నీ తగ్గించదు. ఒక రకానికి ఇంకో రకం మందు వేస్తే డబ్బూ, రోజులూ పోతాయి. అందుకే మందు వేసే ముందే రక్తం తీయించండి.

ఇక పూతలపట్టు అన్నా, మీరు మందు మార్చాను అన్నారు కదా, నిజానికి మారలేదు. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, వీపు మీద పోసే ఫ్లూమెత్రిన్ మూడూ ఒకే కుటుంబం. పిడుదులు ఒకదానికి అలవాటు పడితే మిగతా వాటికీ లొంగకపోవచ్చు. అమిట్రాజ్ వేరే కుటుంబం, డాక్టరును అడిగి దానికి మారండి. ఐవర్‌మెక్టిన్ సూది మాత్రం పాలిచ్చే ఆవుకు వద్దు, పాలలోకి వస్తుంది.

కొట్టే ముందు ఆవుకు కడుపునిండా నీళ్లు తాపండి, లేకపోతే దాహానికి ఒళ్లు నాకుతుంది. మిట్టమధ్యాహ్నం వద్దు. పుండ్ల మీద పడనివ్వొద్దు. మిగిలిన మందు నీళ్లు చెరువులోకి, కాలువలోకి పోతే చేపలు చస్తాయి. పిడుదులను చేత్తో చిదమకండి.

బంగారుపాళెం_పాడి
మందు సంగతి తమ్ముడు బాగా చెప్పాడు. కానీ మందు ఎంత మార్చినా నాకు మూడేళ్లు తగ్గలేదు. ఎందుకంటే నేను ఆవును చూస్తున్నాను, కొట్టాన్ని చూడలేదు. ఆవు మీద కనిపించేవి కొన్నే. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందికి రాలి, గోడ పగుళ్లలో, గాడి కింద దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు మేత లేకపోయినా నెలల తరబడి కాచుకుని ఉంటాయట. పది రోజులకు మళ్లీ వచ్చాయంటే అవి అక్కడ నుంచి ఎక్కినవే.

ఒక రోజు ఆవులన్నిటినీ చింతచెట్టు కింద కట్టేసి కొట్టం ఖాళీ చేశాం. పాత పేడ, చెత్త తీసి దూరంగా కుప్ప పోశాం. రాళ్ల సందుల్లో మట్టి గీకుతుంటే చిక్కుడు గింజల్లాంటివి దొర్లిపడ్డాయి. ఒళ్లు జలదరించింది. గోడల మీద, సందుల్లో గ్యాస్ మంట చూపించాం (మాది రాతి గోడ, రేకుల కప్పు. బోద కప్పు ఉన్నవాళ్లు మంట జోలికి పోవద్దు). తర్వాత పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్చి సున్నం కొట్టాం. అదే రోజు ఆవులకు, దూడలకు, చివరికి కుక్కకు కూడా డాక్టరు చెప్పిన మందు కొట్టాం. ఒక్కదాన్ని వదిలేసినా దాని మీద నుంచి మళ్లీ మొదలవుతుంది. పదిహేను రోజులకు ఇంకోసారి కొట్టాం.

కొత్త ఆవును సంతలో కొంటే నేరుగా కొట్టంలోకి తోలొద్దు. నేను పది రోజులు విడిగా కట్టి, పిడుదులు పోయాకే కలుపుతాను.

కుప్పం_నాటుకోడి
మా కొట్టంలో నాటుకోళ్లు తిరుగుతాయి, రాలినవి ఏరుకు తింటాయి. వేపనూనె రాస్తే కొత్తవి ఎక్కడం కాస్త తగ్గుతుంది, ఉన్నవి మాత్రం చావవు. కిరోసిన్ మాత్రం రాయొద్దు, మా పక్కింటి దూడకు చర్మం ఊడిపోయింది.

పూతలపట్టు_పాడి
బంగారుపాళెం అక్కా, మీ మాట చదివి నిన్న రాత్రి టార్చి తీసుకుని కొట్టంలోకి పోయాను. గాడి వెనక గోడ పగులులో బారులు తీరి ఉన్నాయి. ఇన్నాళ్లూ దాని పక్కనే నిలబడి పాలు పిండాను. ఆదివారం ఖాళీ చేస్తాం, మేస్త్రీకి చెప్పాను. థైలేరియాకు టీకా ఉందంటున్నారు, పెయ్యకు వేయించొచ్చా? ఏడాదిన్నర, చూడి కట్టలేదు.

తిరుపతి_వెటర్నరీ_విద్యార్థి
ఉంది అన్నా, రక్షావ్యాక్ టీ. రెండు నెలలు దాటిన సంకర జాతి దూడలకు వేస్తారు, నిండు చూడి ఆవులకు వేయరు. మీ పెయ్యకు ఇదే మంచి సమయం. జ్వరం లేనప్పుడే వేయించాలి కాబట్టి ముందు డాక్టరుకు చూపించండి.

పూతలపట్టు_పాడి
నెలన్నర తర్వాత రాస్తున్నాను. కొట్టం పని అయింది, పెయ్యకు టీకా పడింది. రోజూ సాయంత్రం గంగడోలు కింద చెయ్యి పెట్టి తడుముతున్నాను. ఈ వారం మూడు ఆవుల మీదా కలిపి నాలుగు దొరికాయి. జబ్బు చేసిన ఆవు పూటకు మూడున్నర ఇస్తోంది.