‘అధికుల మనరాదు’: ‘ల’ సరైనదా, ‘లు’ సరైనదా?

విజయవాడ నుంచి ప్రశ్న:
మా తమ్ముడి కంప్యూటర్‌లో గేమ్ సెట్టింగులు సరిచేస్తుంటే, అన్నీ అల్ట్రాలోనే (అన్నిటికన్నా పై స్థాయిలోనే) ఉండాలని వాడు పట్టుబట్టాడు. అప్పుడు ‘అనువుగాని చోట’ అన్న వేమన పద్యం నోటికొచ్చింది గాని, మొదటి పాదం దగ్గరే తగాదా మొదలైంది. నాకు ‘అధికుల మనరాదు’ అని గుర్తు. ‘అధికులు మనరాదు’ అని వాడి వాదన. ఏది సరైన పాఠం? కార్డులో వీడియో మెమరీ 4 జీబీ మాత్రమే ఉంది, టెక్స్చర్లు (ఆటలోని వస్తువుల ఉపరితలాలకు అతికే బొమ్మలు) అల్ట్రాలో ఉన్నంతసేపూ ఆట ఆగి ఆగి కదులుతోంది.

తెనాలి నుంచి:
‘అధికులము అనరాదు’ అన్నదే అర్థం; గొప్పవాళ్లమని చెప్పుకోకూడదని భావం. ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు, ఎందుకంటే ‘నధికుల’ అన్నా ‘నధికులు’ అన్నా నాలుగు లఘువులే, అంటే ‘నలము’ అనే గణమే. యతికీ భంగం లేదు. తీర్పు చెప్పవలసింది రెండో పాదం. ‘కొంచెముండుటెల్ల కొదువ గాదు’ అన్నాడంటే, అక్కడ ఉండడానికి అభ్యంతరం లేదు, తగ్గి ఉండమనే కదా! మీ తమ్ముడికీ అదే చెప్పండి. 1920×1080లో ఒక్కో ఫ్రేముకు 20,73,600 పిక్సెళ్లు గీయాలి, 1280×720లో 9,21,600 చాలు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కే సమయం సుమారు 16.7 మిల్లీసెకన్లే కాబట్టి, ఆ తగ్గింపు చిన్నదేమీ కాదు.

కరీంనగర్ నుంచి:
తెనాలివారి అన్వయం బడి పుస్తకాలకు సరిపోతుంది గాని, ‘బతుకు, ఉండు’ అనే అర్థమున్న ‘మను’ ధాతువును అంత తేలిగ్గా తోసిపుచ్చలేము. మనికి, మనుగడ అన్న మాటలు ఇంకా మన నోళ్లలో ఉన్నాయి. అనువుగాని చోట అధికులు అధికులుగా మనరాదు అని చదివితే విరాటపర్వమంతా కళ్లముందు నిలుస్తుంది. ధర్మరాజు కంకుభట్టుగా, అర్జునుడు బృహన్నలగా విరటుని కొలువులో గడిపిన ఏడాదిని తిక్కన ఎంత నిండుగా చెప్పాడో తెలిసినవారికి ‘లు’ మీద అనుమానం రాదు. భీముడు వంటవాడై ఉన్నంత మాత్రాన బలం తగ్గిందా? ఇక ఆట సంగతికొస్తే, కార్డు మెమరీ నిండగానే మిగిలిన టెక్స్చర్లు కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతాయి. అక్కడినుంచి తెచ్చుకోవడం చాలా నెమ్మది, ఆగి ఆగి కదలడం అందుకే. టెక్స్చర్లను మీడియంకు దించండి. మెమరీలో పట్టినంతవరకూ వాటివల్ల వేగం పెద్దగా తగ్గదు. ఫ్రేములను తినేవి నీడలు, వాల్యుమెట్రిక్ (గాలిలో మందంగా పరుచుకున్నట్టు కనిపించే) పొగమంచు వంటివి.

డాలస్ నుంచి:
మీరిద్దరూ మూడో పాదాన్ని వదిలేశారు. ‘కొండ యద్దమందు గొంచెమై యుండదా’ అన్న పోలికకు ఈ రోజుల్లో ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. చిన్న బొమ్మను పెద్దది చేసే ఎఫ్‌ఎస్‌ఆర్ 2, డీఎల్‌ఎస్‌ఎస్ 2 అనే పద్ధతులు క్వాలిటీ మోడ్‌లో 1080పీ తెరకు ఆటను లోపల 1280×720లోనే గీసి, గడిచిన ఫ్రేముల సమాచారంతో పూర్తి పరిమాణానికి పెంచుతాయి. కొండ చిన్నదై కనిపించినా కొండతనం పోలేదన్నమాట.

తెనాలి నుంచి:
పోలిక అంత అతకదండీ. అద్దంలోని కొండకు నష్టమేమీ లేదు. 720పీలో గీసిన ఆకులూ కంచెల తీగలూ మాత్రం నిజంగానే కొన్ని వివరాలు పోగొట్టుకుంటాయి, వాటిని తిరిగి ఊహించి పూరించాలి. కదలికలో ఆ పూరింపు అంచుల దగ్గర మసకగా తెలిసిపోతుంది.

అనంతపురం నుంచి:
సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చువేయించేనాటికే అవి ఎన్నో నోళ్లలో ఎన్నో రకాలుగా మారి ఉన్నాయి. అందుచేత ఒక్క అక్షరం మీద ఇంత ధీమా పనికిరాదని నా అభిప్రాయం. అసలు చూడవలసిన మాట ‘అనువు’. ఏ చోటు అనువుగా లేదో తెలియకుండా అన్నీ తగ్గించడం వృథా శ్రమ. రిజల్యూషన్ ఒక్కటే దించి చూడండి: ఫ్రేములు పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డు మీద ఉన్నట్టు, కదలకపోతే ప్రాసెసర్ దగ్గర ఇరుకున్నట్టు. రెండో సందర్భంలో నీడలూ పొగమంచూ తగ్గించినా ఫలితం అంతంతమాత్రమే. డీడీఆర్4 3200 ర్యామ్ కొని బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) వేయనివారు చాలామంది ఉన్నారు. అది 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తూ ఉంటుంది. 144 హెర్ట్జ్ మానిటర్‌ను విండోస్‌లో 60 మీదే వదిలేసినవారూ తక్కువేమీ కాదు. అధికమైనది ఇంట్లోనే ఉన్నా వాడుకోకపోవడం ఇది, దీనికి వేమన పద్యం వర్తించదు.

విజయవాడ నుంచి:
టెక్స్చర్లు మీడియంలో పెట్టగానే ఆ తడబాటు పోయింది, అందరికీ ధన్యవాదాలు. తమ్ముడు మాత్రం కరీంనగర్‌వారి ‘లు’ను పట్టుకుని కూర్చున్నాడు.

కరీంనగర్ నుంచి:
సంతోషం. తెనాలివారు దయచేసి ఒక్క సంగతి చెప్పాలి: ‘కొంచెముండుటెల్ల’లోని ‘ఉండు’ మనుగడ కాకపోతే మరేమిటి?

తెనాలి నుంచి:
మనుగడే, కాదనను. అందుకే పై పాదంలో మనరాదని, కింది పాదంలో ఉండవచ్చని కవి ఒకే ఊపిరిలో చెప్పడంటున్నాను. మీరు చొప్పించిన ‘అధికులుగా’ అన్న మాట పద్యంలో ఎక్కడుందో చూపండి. అన్నట్టు, డాలస్‌వారు ‘గొంచెమై’ అని రాశారు. ‘అందు’ ద్రుతాంతమే (చివర ‘న్’ ఉన్న మాటే) కాబట్టి సరళాదేశం, అంటే ‘కొ’ ‘గొ’గా మారడం, న్యాయమే. అయితే మొదటి ‘కొ’తో యతి కుదిరేది ‘కొ’ మీదనా, ‘గొ’ మీదనా?