పాత ఫైబర్ బోటుకి అతుకు వేసిన చోట రంగు కలవట్లేదు, ఏం చెయ్యాలి?

ఉప్పాడ_ఫైబర్

అందరికీ నమస్కారం. 28 అడుగుల ఫైబర్ బోటు, 2011లో చేసింది. పక్కలు నీలం, లోపల తెలుపు. కుడి పక్క ముందు భాగం జెట్టీకి కొట్టుకుని చిట్లితే మ్యాట్ (గాజు నార పరుపు), రెజిన్ (గట్టిపడే జిగురు ద్రవం) వేసి పుట్టీతో చదును చేయించాం. అతుకు మూడడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు ఉంటుంది. షాపులో ఇచ్చిన నీలం పేస్టు కలిపి జెల్‌కోట్ (ఫైబర్ మీద పైపూతగా వేసే రంగు రెజిన్) పూస్తే మిగతా పక్క కంటే బాగా ముదురుగా కొడుతోంది. పైగా రెండ్రోజులైనా ముట్టుకుంటే చేతికి అంటుకుంటోంది. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది, ఆలోపు పని తేలాలి. అతుకు వరకే రంగు కలిపే దారి ఉందా, లేక పక్క మొత్తం వేసెయ్యాలా? లోపల తెలుపులో కూడా ఒకచోట చిన్న అతుకు పడింది.

మ్యాట్_రెజిన్

అన్నా, ముందు పక్క మీద ఉన్నది జెల్‌కోటా, మధ్యలో ఎవరైనా వేసిన పెయింటా అన్నది తేల్చుకోండి. తెల్ల గుడ్డని ఎసిటోన్‌లో తడిపి ఒకచోట అరనిమిషం అదిమి పట్టి తుడవండి. రంగు మెత్తబడి, ముడతలు పడి గుడ్డకి వస్తే అది మామూలు సింథటిక్ ఎనామిల్. ఏమీ కాకపోతే జెల్‌కోట్ గానీ, హార్డనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే రెండు డబ్బాల పీయూ (పాలీయురేథేన్) పెయింట్ గానీ అయుంటుంది. అప్పుడు కనపడని మూల 320 నంబరు వాటర్ పేపరుతో రుద్దండి. కింద ఇంకో రంగు పొర తేలితే పెయింట్. నీలం అయిపోగానే నేరుగా ఫైబర్ కనపడితే జెల్‌కోట్.

జెల్‌కోటే అయితే మీ అతుకు ముదురుగా లేదు, పాతదే వెలిసింది. ఎండకి పైపొర చెడి తెల్లటి పొడిలా అవుతుంది, చేత్తో రాస్తే అరచేతికి అంటుతుంది. ఆ పొడి మీద పడిన వెలుతురు చెదిరి నీలం పాలిపోయినట్టు కనిపిస్తుంది. ఒక మగ్గు మంచినీళ్లు పక్క మీద పోసి చూడండి. తడిగా ఉన్నంతసేపు కనిపించే రంగుకి దగ్గరగా పాలిష్ చేశాక వస్తుంది. మీరు అందుకోవాల్సింది ఆ రంగుని, పొడిబారిన రంగుని కాదు.

కాబట్టి అతుకు చుట్టూ అడుగున్నర మేర సబ్బు నీళ్లతో కడిగి, 1000, తర్వాత 1500, 2000 వాటర్ పేపరు తడిగా రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్‌తో బఫ్ కొట్టండి. 2011 బోటు, పైగా ఇసుకలోకి లాగే బోటు అయితే జెల్‌కోట్ అరిగి పలచబడి ఉంటుంది. కొత్తప్పుడే అది అర మిల్లీమీటరు. కోణాల దగ్గర గట్టిగా రుద్దితే ఫైబర్ బయటపడుతుంది, అక్కడ చేత్తో మాత్రమే రుద్దండి. బఫ్ కొట్టాక కొత్త అతుక్కీ దానికీ తేడా ఎంత మిగిలిందో చూసి, అప్పుడు రంగు కలపడం మొదలుపెట్టండి. చాలాసార్లు సగం తేడా ఇక్కడే పోతుంది.

జిగురు సంగతి: జెల్‌కోట్ పైపొర గాలి తగిలితే ఆరదు. చివరి కోటులో వ్యాక్స్ సొల్యూషన్ (పైకి తేలి గాలి తగలకుండా కప్పే మైనపు ద్రవం) కలపాలి, లేదా పూసిన వెంటనే గాలి బుడగలు లేకుండా పాలిథీన్ షీటు పరచాలి. గోరుతో నొక్కండి. కింద గట్టిగా ఉండి పైన మాత్రమే జిగురుంటే ఎసిటోన్ గుడ్డతో తుడిచి పేపరు పట్టొచ్చు. గోరు దిగిందంటే హార్డనర్ తక్కువైనట్టు. అప్పుడు మొత్తం గీకెయ్యాల్సిందే, దాని మీద ఏది వేసినా నిలవదు.

రంగు_తూకం

పైన చెప్పినదంతా సరే. కలపడం గురించి నేను రాస్తాను, పని చెడేది అక్కడే.

నీలం పేస్టు చాలా బలమైన రంగు. నీలంలోకి తెలుపు పోసుకుంటూ వెళ్తే కిలోలు కిలోలు అవుతుంది కానీ తేలికపడదు. తెల్ల జెల్‌కోట్ తీసుకుని అందులోకి నీలాన్ని పుల్ల మొనతో కొద్దికొద్దిగా వెయ్యండి. నగల షాపుల్లో వాడే రకం చిన్న తూకం యంత్రం దగ్గర పెట్టుకోండి. వంద గ్రాముల తెలుపుకి ఏది ఎన్ని గ్రాములు పడిందో అట్ట మీద రాసుకుంటూ పోతే, మళ్లీ కలపాల్సి వచ్చినా అదే రంగు వస్తుంది.

ఛాయ దగ్గరికి వచ్చాక కూడా కొత్త నీలం మెరుస్తూ వేరుగా కనిపిస్తుంది. దాని కాంతి తగ్గించడానికి నలుపు వెయ్యకండి, రంగు చచ్చిపోతుంది. ఎర్రమట్టి రంగు రెడ్ ఆక్సైడ్ పేస్టు పుల్లకి అంటినంత చాలు. ఆకుపచ్చ వైపు లాగుతున్నా అదే మందు. పేస్టులన్నీ కలిపి జెల్‌కోట్ బరువులో నూటికి ఐదు దాటనివ్వకండి, ఎక్కువైతే గట్టిపడటం మందగిస్తుంది.

ఇంకొకటి. మన దగ్గర కోబాల్ట్ (హార్డనర్ పనిని వేగం చేసే ద్రవం) విడిగా అమ్ముతారు, అది ఊదా రంగు. రంగంతా సరిచూసుకున్నాక కోబాల్ట్ వేస్తే లేత రంగుల్లో ఛాయ మారిపోతుంది. ముందు కోబాల్ట్ వేసి బాగా కలిపి, ఆ తర్వాత రంగు సరిచూడండి. ఎంత వెయ్యాలన్నది సీసా బలాన్ని బట్టి ఉంటుంది, కొన్న చోటే అడగండి. హార్డనర్ చివర్న, వాడబోయే ముందు. కోబాల్ట్‌నీ హార్డనర్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పొయ్యకండి, భగ్గుమని అంటుకుంటుంది, పేలుతుంది కూడా. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపు పోతుంది, కళ్లద్దాలు లేకుండా సీసా మూత తియ్యొద్దు.

హార్డనర్ వంద గ్రాములకి ఒకటిన్నర గ్రాము. మే నెల ఎండలో అయితే ఒక గ్రాము వరకు తగ్గించొచ్చు, అంతకంటే కిందికి పోతే పైన మ్యాట్_రెజిన్ గారు చెప్పిన మెత్తదనమే వస్తుంది. సూది తీసేసిన సిరంజితో కొలవండి, మూతతో అంచనా వద్దు.

తడి రంగుని చూసి సరిపోయిందనుకోకండి. పది గ్రాములు విడిగా తీసి హార్డనర్ వేసి, బఫ్ కొట్టిన పాత నీలం పక్కనే మాస్కింగ్ టేప్ అంటించి దాని మీద మందంగా పుయ్యండి. పలచగా పూస్తే కింద టేపు రంగు తేలి మోసపోతారు. పైన పాలిథీన్ ముక్క పరచండి. గట్టిపడ్డాక పేపరు పట్టి పాలిష్ చేసి అప్పుడు పోల్చండి. ఎండలో ఒకసారి, షెడ్డు నీడలో ఒకసారి, సాయంత్రం ట్యూబ్‌లైటు కింద ఒకసారి చూడాలి. పాత పేస్టూ కొత్త పేస్టూ వేరు వేరు రంగు పొడులతో చేసినవైతే ఎండలో ఒకేలా ఉండి లైటు కింద విడిపోతాయి. అలా జరిగితే బోటుకి ఎండలో కుదిరిందే ముఖ్యం, అక్కడితో ఆగండి.

మీ అతుకు ఆరు చదరపు అడుగులు. అర మిల్లీమీటరు మందానికి 350 గ్రాములు పడుతుంది. అంచుల మీదికి కాస్త ఎక్కించాలి, నమూనాలకీ పోతుంది, అర కిలో ఒకేసారి కలిపి పెట్టుకోండి. హార్డనర్ మాత్రం వంద, నూటయాభై గ్రాములకి ఒక్కో విడత కలపండి. మొత్తానికి ఒకేసారి వేస్తే ఈ వేడికి డబ్బాలోనే గడ్డకడుతుంది.

పెయింట్_అంచు

జెల్‌కోట్ కాకుండా పీయూ పెయింట్ వేసుకునేటట్టయితే నా మాట ఒకటే: పక్క మధ్యలో ఆపకండి. ఒకే చదును మీద రంగు ఏ కాస్త మారినా కన్ను పట్టేస్తుంది. అదే తేడా మూల తిరిగిన చోట గానీ, చార దగ్గర గానీ ఉంటే ఎవరికీ తెలియదు, ఎందుకంటే అక్కడ వెలుతురు పడే కోణమే మారిపోతుంది. పైన రబ్బరు పట్టీ, కింద మడత గీత, ముందు కొమ్ము, వెనక నంబరు రాసిన పట్టీ: ఈ నాలుగు హద్దుల మధ్య ఉన్న ముక్క మొత్తం వెయ్యండి. నంబరు దగ్గర హద్దు లేకపోతే రెండంగుళాల తెల్ల చార నిలువుగా గీయించండి. రెండు నీలాలు ఒకదాన్నొకటి తాకవు.

పని వరస తప్పితే రంగు ఎంత కుదిరినా ఊడిపోతుంది. మొదట మంచినీళ్లతో ఉప్పు కడగాలి. తర్వాత థిన్నర్ గుడ్డతో వ్యాక్స్ తుడవాలి, ఆ తర్వాతే పేపరు. ముందే పేపరు పడితే వ్యాక్స్ గీతల్లోకి దిగి, పెయింట్ మీద చేపకళ్లలా గుంటలు లేస్తాయి. 220 పట్టి ఎపాక్సీ ప్రైమర్ (అడుగు పూత), అది ఆరాక 320 లేదా 400 పట్టి పీయూ రెండు కోట్లు. పాత ఎనామిల్ ఉన్నచోట పీయూ వేస్తే థిన్నర్ దాన్ని లేపి ముడతలు పెడుతుంది, కాబట్టి ఎనామిల్ పూర్తిగా తీసెయ్యాలి. హార్డనర్ పాళ్లు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, డబ్బా మీదవే పాటించండి.

తీరంలో పొద్దున్నే బోటు మీద మంచు తేమ ఉంటుంది. అది పూర్తిగా ఆరాక మొదలుపెట్టి, మధ్యాహ్నం మూడింటికల్లా ఆఖరి కోటు ముగించండి. సాయంత్రం తేమ పడితే మెరుపు పోయి పాలపొర కమ్ముతుంది. స్ప్రే కొట్టిస్తే మామూలు గుడ్డ మాస్కు పనికిరాదు, ఆ హార్డనర్ ఆవిరి ఊపిరితిత్తులకి ప్రమాదం. బయటి గాలి అందించే మాస్కు లేకపోతే రోలర్‌తో వేసి వెంటనే మెత్తటి బ్రష్షుతో సవరించడం మేలు.

పక్క మొత్తం వేస్తే 70 చదరపు అడుగులు, రెండు కోట్లకి రెండు లీటర్లు సరిపోతుంది. వేరే రంగుకి మారుద్దామనిపిస్తే మాత్రం ముందు మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి. వేట బోట్లకి రాష్ట్రాల వారీగా రంగులు నిర్ణయించి ఉన్నాయి.

ఉప్పాడ_ఫైబర్

చాలా థ్యాంక్సండి. ఎసిటోన్ పెట్టి చూశాను, జెల్‌కోటే. కొత్తది గోరుకి దిగుతోంది, గీకేస్తాం. లోపలి తెలుపుకి గోడ పెయింట్లలో కలిపే స్టెయినర్ ట్యూబులు వాడొచ్చా? ఇంట్లో ఉన్నాయి.

రంగు_తూకం

వద్దండి. జెల్‌కోట్ పాలియెస్టర్ రెజిన్, అవి దానికి చేసినవి కావు. జెల్‌కోట్ గట్టిపడనివ్వవు, చారలు చారలుగా విడిపోతాయి. పాలియెస్టర్ పేస్టులే తీసుకోండి.

మీ పాత తెలుపు ఇప్పుడు తెలుపు కాదు. ఒక తెల్ల కాయితం పక్కన పెడితే అది పసుపు వైపుకి పోయిందా, బూడిద వైపుకా అన్నది తెలుస్తుంది. వంద గ్రాములకి గోపీచందనం రంగు ఎల్లో ఆక్సైడ్ పుల్ల మొనంత వేసి చూడండి. నలుపు కూడా అవసరమైతే విడిగా పది గ్రాముల తెలుపులో ఒక చుక్క నలుపు కలుపుకుని, ఆ బూడిద రంగుని వెయ్యండి. నేరుగా వేస్తే ఒక్క చుక్కకే అదుపు తప్పుతుంది. పసుపూ నలుపూ కలిసి ఆకుపచ్చ తేలితే రెడ్ ఆక్సైడ్ అతి కొద్దిగా. లోపల కాళ్లు పడే చోటు కాబట్టి చివరి కోటులో వ్యాక్స్ మర్చిపోకండి, దాని మీద మళ్లీ కోటు వెయ్యాల్సి వస్తే మాత్రం పేపరు పట్టి ఆ వ్యాక్స్ పొర తీశాకే.