బోరు నీళ్లు ఉప్పబడటానికి గ్యాస్ డ్రిల్లింగే కారణమా?

లంకవాసి: కోనసీమలోని మా ఊళ్లో కొబ్బరితోటల మధ్య గ్యాస్ బావి తవ్వుతున్నారు. రాత్రంతా జనరేటర్ల హోరు. ఈ మధ్య బోరు నీళ్లు ఉప్పబడి, టీ పెడితే పాలు విరిగిపోతున్నాయి. దీనికి డ్రిల్లింగే కారణమని అనుకోవచ్చా?

గోదారిగట్టు: గ్యాస్ పొరలు వేల అడుగుల లోతున ఉంటాయి, పైనున్న నీటి పొరలు కలవకుండా ఉక్కు కేసింగు దించి చుట్టూ సిమెంటు పోస్తారు. ఆ సిమెంటు సరిగా పట్టకపోయినా, తవ్వకంలో వచ్చే బురద నిలవచేసిన గుంటలు కారినా నీరు చెడవచ్చు. అయితే మన తీరంలో సముద్రపు నీటి చొరబాటు, రొయ్యల చెరువుల ఉప్పు కూడా ఉన్నాయి కాబట్టి, తవ్వకానికి ముందు, తర్వాత చేయించిన నీటి పరీక్షలను పోల్చి చూడనిదే తప్పు ఎవరిదో తేల్చలేం.

పాతకాపు: నీటికన్నా నాకు మంటల భయమే ఎక్కువండి. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో ఎగసిన మంట ఆరడానికి రెండు నెలలు దాటింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో పైపులైను నుంచి లీకైన గ్యాస్ అంటుకుని ఇరవై మంది దాకా చనిపోయారు. మీ ఇంటికి గొట్టం ఎంత దూరంలో ఉందో ముందు కనుక్కోండి.

లంకవాసి: గొట్టం మా పెరటి వెనకే వెళ్తుందండి. పాత నీటి పరీక్ష కాగితం మాత్రం ఊళ్లో ఎవరి దగ్గరా లేదు.